మౌనస్వామి మునిమనవడు

గనిలో పేలుడుకు కొండచరియ విరిగి, తను నడిపే లారీకి ముందు టిప్పర్లో ఉన్న స్నేహితుడు కళ్ళెదుటే మట్టిపాలైనప్పటి నుంచి జగదీశ్ మాట్లాడడం మానేశాడు. తిండి లేదు, నిద్ర లేదు. తలుపు ధడాలున పడితే మంచం కింద దూరతాడు. ఇంకెక్కడైనా అయితే ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళ ఊరు సిరిగేరిలో మాత్రం జనం కొబ్బరికాయలు తెచ్చారు.

ఎందుకంటే వాడి అవ్వ అక్కమ్మ తండ్రి మౌనస్వామి. ఆయనా ఇలాగే గోడవైపు తిరిగి కూర్చుని, ఓరోజు బావిలో జలసమాధి అయ్యాడని గుడి కట్టారు. ఆ మహిమ ఇప్పుడు మునిమనవడికి దిగిందట. చైనావాళ్ళు ఇనుము తీసే మన ఎర్రమట్టిని ఎగబడి కొంటున్న రోజులాయె. గనులున్న తారానగర్ వైపు చేలున్నవాళ్ళు జీపుల్లో దిగి, "మా నేలలో ఇనప రాయి యాడుండాదో చెప్పు సామీ" అని కాళ్ళమీద పడ్డారు. వాడు ఈగను తోలుకుంటే తూర్పన్నారు. తూర్పున తవ్వితే నిజంగానే రాయి పడింది. అక్కడ ఎటు తవ్వినా పడుతుంది, అది వేరే సంగతి.

తండ్రి రామసుబ్బ మురిసిపోయి అరుగు మీద హుండీ పెట్టాడు. అక్కమ్మకు మాత్రం ముద్ద దిగడం లేదు. మనవడు గోడవైపు తిరిగాడంటే చాలు, పెరట్లో బావి వైపు తలుపుకు గొళ్ళెం పెట్టేది. ఆ భయాన్ని కోడలు హిమజ మీద కక్కేది.

"పిరికి రక్తం. అంతా నీ పుట్టింటి పుణ్యమే."

"నా పుట్టిల్లు నీ పుట్టిల్లే కదత్తా" అంది హిమజ.

నిజమే. ఏరికోరి తెచ్చుకున్న సొంత తమ్ముడి కూతురాయె. ఆకాశం మీద ఉమ్మితే ఎక్కడ పడుతుందో అక్కమ్మకు తెలిసొచ్చింది.

మర్నాడు మొగుడికి చెప్పకుండా హిమజ కొడుకును బళ్ళారి బస్సెక్కించింది. అడ్డుపడదామని వెంటబడిన అక్కమ్మ, చివరికి తానూ ఎక్కింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండిందా అవ్వా?"

"ఎవురికీ లేదమ్మా. మా నాయన సామి."

"నాకు ఊరికే కడుపులో గుబులుగా ఉంటాది. లారీ ఆలస్యమైతే ఊపిరాడదు" అంది హిమజ. "మా నాయన ఒక్కోసారి నెల్లాళ్ళు మంచం దిగడు."

డాక్టరమ్మ తలూపింది. "విత్తనం ఒకటే ఉండొచ్చు. ఒకరిలో భయంగా, ఒకరిలో దిగులుగా మొలుస్తాది. ఈ అబ్బాయిలాగా పెద్ద దెబ్బ తగిలినాక కూడా మొలవొచ్చు. ఉన్న ప్రతివాళ్ళలో మొలవదు, మొలిచినా మందుంది. కానీ ఆ స్వామి ఎట్లా పోయినాడో నాకు తెలియాల. మందులిచ్చి పంపాలా, ఈడే పెట్టుకోవాలా, అది చూసుకోవాల."

గుడి, హారతులు, ఇంటి పరువు అన్నీ అక్కమ్మకు గుర్తొచ్చాయి. పక్కనే మనవడు గోడను చూస్తున్నాడు.

"సమాధీ లేదు, గాడిదగుడ్డూ లేదమ్మా" అంది. "దూకినాడు. దానికి ముందు పశువులకొట్టంలో ఏడుస్తాంటే నేనే చూసినా. ఎవురికీ చెప్పొద్దని మా యమ్మ నా నోరు మూసింది."

గోడవైపున్న తల మెల్లగా తిరిగింది.

"నాకూ బావే కనపడతాందవ్వా" అన్నాడు జగదీశ్.

ఆస్పత్రిలో వాడికి మంచం దొరికాక అక్కమ్మ కోడలి ఫోను లాక్కుని కొడుకుతో మాట్లాడింది.

"రామసుబ్బా, హుండీ పగలగొట్టి ఆ దుడ్డు మందులకు తీసుకురాప్పా. టెంకాయలోళ్ళను ఇంటికి పొమ్మను. వచ్చే ముందు పెరట్లో బావికి ఇనప మూత ఏయించు."