చీపురు పోల్కా

ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే దేదీప్య కారు తీసేది. టెక్సస్‌లో ప్లేనో నుంచి గంట ప్రయాణం. ముందు సీట్లో ఇండియా నుంచి చూడ్డానికొచ్చిన తాతయ్య రాజగోపాల్, వెనక సీట్లో చీర మీదకి స్నీకర్లు తొడుక్కున్న అమ్మమ్మ కనకదుర్గ. మనవరాలు ఊరికే చూపిద్దామని ఒకసారి చెక్ దేశం వాళ్ళ పోల్కా డాన్సు హాలుకి తీసుకెళ్ళింది. అంతే, తాతయ్యకి ఆ ఆట పిచ్చి పట్టుకుంది.

ఎప్పుడో పత్తి పండించుకోడానికి బొహీమియా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు కట్టుకున్న హాలది. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ అకార్డియన్ వాయిస్తారు. ఒక గెంతు, మూడు గబగబ అడుగులు, జంటలు జంటలుగా హాలంతా చుట్టి రావడం.

అక్కడ ఆల్బీనా అని డెబ్భై ఏళ్ళావిడ ఉంది. ఆవిడతో ఆడితే రాజగోపాల్ మూరెడు ఎత్తు లేచేవాడు. ఇద్దరూ గాల్లోనే గింగిరాలు తిరిగేవారు. ఎవరూ వింతగా చూసేవారు కాదు. తలకి తగులుతాయని ఫ్యాన్లు ఆపేవారు, అంతే. కనకదుర్గతో ఆడినప్పుడు మాత్రం ఆయన బూట్లు టపటపా నేలకే కొట్టుకునేవి.

చీపురాట వచ్చిందంటే ఇంకా కష్టం. జోడీ లేనివాళ్ళు చీపురుతో ఆడి, దాన్ని ఢామ్మని కింద పడేస్తారు. వెంటనే అందరూ జోడీలు మార్చుకోవాలి. మిగిలిపోయినవాళ్ళకి చీపురు. లక్ష్మీదేవి అలా కాళ్ళ కింద పడుంటే కనకదుర్గ ప్రాణం ఒప్పేది కాదు. వంగి తీసి కళ్ళకద్దుకుని లేచేసరికి జోడీలన్నీ కుదిరిపోయేవి. ఆయన పక్కన ఎప్పుడూ ఆల్బీనాయే!

"మీకీమధ్య నేల సరిపోవట్లేదు కాబోలు," అంది కారులో.

"ఆటే కదే దుర్గా!"

"నాతో ఆడినప్పుడే గుర్తొస్తాయి మీకు మోకాళ్ళు."

"అమ్మమ్మా, ఆర్ యూ జెలస్?" అంది దేదీప్య.

"జెలసూ లేదు గిలసూ లేదు. నా టికెట్టు ముందుకి జరిపించు. నేనొక్కదాన్నే వెళ్ళిపోతా. ఈయన్ని ఇక్కడే గాల్లో ఉండమను."

నవ్వులాటకి కాదు. గురువారానికి టికెట్టు మార్పించింది. పెట్టె కూడా సర్దేసింది.

ఆఖరి ఆదివారం చీపురు పడింది. కనకదుర్గ ఈసారి వంగలేదు. అమ్మవారికి మనసులోనే లెంపలేసుకుని, తిన్నగా వెళ్ళి మొగుడికంటే ముందు ఆల్బీనా నడుం పట్టుకుంది. పైకెలా లేస్తుందో చూస్తానని పళ్ళు బిగించింది.

టక్. టక్. ఆల్బీనా ఆగి తన కాళ్ళకేసి చూసుకుంది.

"నా మడమ చప్పుడు విని పదకొండేళ్ళయింది," అంది నెమ్మదిగా, అర్థమయ్యే ఇంగ్లీషులో. "మా ఆయన పోయినప్పట్నించీ పాట వింటే కాళ్ళు ఆనవు. నన్ను ఎవరు పట్టుకున్నా నాతో లేచొచ్చేస్తారు."

"ఎవరైనానా? మా ఆయనొక్కడే కాదా?"

"మీ ఆయనా? కాస్త బరువుంటాడని పట్టుకుంటాను. ఆయనా చాలట్లేదు."

కనకదుర్గ పడీ పడీ నవ్వింది. నవ్వుతుంటే ఇద్దరూ బెత్తెడు లేచారు. గభాల్న ఇన్ని ఆదివారాల కుళ్ళూ గుర్తుచేసుకుంది. మళ్ళీ నేల తగిలింది.

"శనివారం ఊళ్ళో వీధిలో పోల్కా," అంది ఆల్బీనా. "మేమిద్దరం కలిసింది అక్కడే. పైన కప్పుండదు కదా, ఆయన పోయాక వెళ్ళలేదు. నువ్వు వస్తావా?"

కనకదుర్గ మనవరాలికేసి తిరిగింది. "దేదీప్యా, ఆ టికెట్టు వెనక్కి జరిపించు."

శనివారం ఎండ ఫెళఫెళలాడుతోంది. ఆకాశం ఎంతుందో అంతా తెరుచుకుని ఉంది. దాని కింద, తారు రోడ్డు మీద, ఆల్బీనా ఎనిమిది పాటలు టకటకమంటూ ఆడింది. తొమ్మిదో పాటకి రాజగోపాల్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ ఒక్కటీ నాకివ్వరాదూ?"

ఆయన ఎవర్ని అడిగాడో కనకదుర్గ చూడనే లేదు. ఆల్బీనా నడుం చుట్టూ చెయ్యి ఇంకాస్త బిగించింది.

"ఆవిడ నాతో ఆడుతోంది. మీరు పక్కకి జరగండి."