చెవి పట్టుకుంటే రెండంగుళాలు

ఎదుటివాడి మనసు నొచ్చుకోకుండా ఆడే అబద్ధం పాపాల ఖాతాలో పడుతుందా, పడదా? ఈ సందేహం టైలర్ మాస్టారిని పెళ్లయిన కొత్తలో పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. పొద్దున్నే చేతులు జోడించినప్పుడల్లా దేవుణ్ణి అడిగేవాడు. దేవుడు ఏమీ అనేవాడు కాదు. అనకపోవడాన్నే 'కానీయ్' అన్నట్టు తీసుకుని మాస్టారు దుకాణం తెరిచేవాడు.

అబద్ధం పెద్దదేం కాదు, రెండంగుళాలది. ఎవరి నడుము కొలిచినా టేపు చూపించినదానికి రెండు తగ్గించి పైకి చెప్పేవాడు. చెబుతూ చెవి తమ్మె పట్టుకునేవాడు. బల్ల దగ్గర కత్తెరతో నిలబడ్డ భార్య అది చూసి, విన్నదానికి రెండు కలిపి గుడ్డ కత్తిరించేది. మనిషి మరీ దిగులుపడే రకమైతే రెండు చెవులూ పట్టుకునేవాడు, అప్పుడు నాలుగు. చూసినవాళ్లు ఆయన భక్తికి ముచ్చటపడేవారు. బట్టలు అతికినట్టు సరిపోయేవి. ఆ వీధిలో ఎవరూ లావెక్కిన దాఖలా లేదు.

ఇలా సాగుతుండగా అల్లుడు ఒక మాట్లాడే డబ్బా తెచ్చి గోడకు తగిలించాడు.

"మామయ్యగారూ, ఇంక రాసుకునే బాధ లేదు. మీరు కొలత పైకి చెప్పండి, ఎవరిది వాళ్ల పేరు మీద యాప్‌లోకి ఎక్కిపోతుంది. బట్టలు కుట్టడం అయిపోగానే వాళ్ల ఫోనుకు కబురూ అదే పంపుతుంది. పైసా కట్టక్కర్లేదు."

"ఊరికే ఎందుకిస్తున్నారు బాబూ?"

"ప్రచారం కోసమేమోనండీ."

"షరతులు చదివావా?"

"అంత పొడుగువి ఎవరు చదువుతారండీ? అడుగున 'ఒప్పుకుంటున్నాను' అని ఉంది, నొక్కేశాను."

తన తరఫున, తన దగ్గరికి వచ్చే అందరి తరఫున కూడా అల్లుడు ఒప్పేసుకున్నాడని మాస్టారికి తట్టలేదు. డబ్బా పనితనం బాగుంది. పక్షం తిరిగేసరికి అది లేకుండా దుకాణం ఎలా నడిపామా అనిపించింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బేకరీ ఆయన సంచితో ఊడిపడ్డాడు. ఆయన నోట్లో పడ్డ మాట రొట్టెతో పాటు ఇంటింటికీ చేరుతుంది. సంచిలోంచి కొత్త ప్యాంటు తీసి బల్ల మీద పరిచాడు. వెనక కుట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా విచ్చుకుని ఉంది.

"ఏం మాస్టారూ, నా నడుము ఎంతకి అమ్ముకున్నావు?"

"అదేం మాటండీ!"

"నా ఫోనుకు ఎవడో రెడీమేడ్ బట్టలవాడు ప్రకటన పంపాడు. నా పేరు రాసి, నా నడుము రాసి, 'మీకోసమే కుట్టాం' అన్నాడు. పొంగిపోయి తెప్పించుకున్నాను. వ్యాపారుల సమావేశంలో కుర్చీలో కూర్చుంటే పటాసు పేలినట్టు పేలింది! ఆ అంకె నీకు తప్ప నా ఇల్లాలికి కూడా చెప్పలేదయ్యా. వాడికెలా తెలిసింది?"

మాస్టారు గోడ మీది డబ్బా వైపు చూశాడు. కంపెనీ వింటోంది, విన్నది అమ్ముకుంటోంది. అయితే అది విన్నవన్నీ తన అబద్ధాలే! చెవులే గానీ కళ్లు లేనిది, తమ్మె సంగతి దానికేం తెలుసు? ఇప్పుడు నోరు మూసుకుంటే నమ్మినవాళ్ల గుట్టు అమ్ముకున్న దొంగవుతాడు. నోరు విప్పితే ఇన్నేళ్లుగా వీధిని బులిపించిన అబద్ధాలకోరవుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రంలోగా ఆ రెండింట్లో ఏదో ఒకటి రొట్టెతో పాటు ఊరంతా చేరుతుంది.

దేవుణ్ణి తలుచుకుని రెండోదే ఎంచుకున్నాడు.

"అమ్మలేదండీ. ఈ డబ్బా నా నోటి మాట విని ఎవడికో చేరవేసింది. తెలుసుకోకుండా పెట్టుకోవడం నా తప్పే. ఇంకోటి కూడా ఉంది... మీ నడుము కొలత నేను ఏనాడూ నిజం చెప్పలేదు. అందుకే ఆ ప్యాంటు చిరిగింది."

భార్య కత్తెర పక్కన పెట్టి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

బేకరీ ఆయన చిరిగిన ప్యాంటు వంక, తన నడుము వంక చూసుకున్నాడు. "అయితే అసలు ఎంత?"

మాస్టారు నోరు తెరిచాడు.

"ఆగండాగండి!" భార్య ఒక్క అంగలో వెళ్లి డబ్బా ప్లగ్గు పీకేసింది. "ఆఁ, ఇప్పుడు చెప్పండి."

మాస్టారు ఆయన చెవిలో చెప్పాడు.

"అంతేగా! నేను ఇంకో అంగుళం ఎక్కువే అనుకున్నాను," అన్నాడు బేకరీ ఆయన. "రోజూ పిండి తూచేవాణ్ణి, నా తూకం నాకు తెలీదటయ్యా? నువ్వు తగ్గించి చెబుతావనేగా అంత దూరం నుంచి నడిచొస్తాను."

"మరి ఆ ప్యాంటు ఎందుకు తెప్పించుకున్నారు అన్నయ్యగారూ?" అంది భార్య.

"అదేనమ్మా ఖర్మ. నాకు తెలిసిన అబద్ధాన్నే ఇంకొకడు చెబితే నిజమని నమ్మాను."

కబురు వెళ్లగానే అల్లుడు తల వంచుకుని వచ్చాడు. "అన్నీ తుడిచేయమని కంపెనీకి రాస్తాను మామయ్యగారూ. అడిగే హక్కు మనకుంది. ఆ బట్టలవాడికీ రాస్తాను."

"తుడవడం ఎందుకయ్యా?" అంది అత్తగారు. "అన్నీ తప్పుడు కొలతలేగా. వాడి సరుకంతా చిరగనీ!"

మాస్టారు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. "కొలత అబద్ధమే. పేరు నిజం కదే? ఫోను నంబరు నిజం కదా? నన్ను చూసి ఇచ్చారు, గోడను చూసి కాదు. రాయి బాబూ. తుడిచేశామని జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉండు."

డబ్బా గోడ దిగింది. బేకరీ ఆయన పుణ్యమా అని వీధంతా ఒక్కొక్కరే వచ్చి విషయం కనుక్కుని వెళ్లారు. కోప్పడినవాళ్లున్నారు. ఒకావిడ తన పాత కొలతే ఖాయం చేయమని పట్టుబట్టింది. కంపెనీ నుంచి తుడిచేశామన్న జవాబు వచ్చాకే మాస్టారికి అన్నం సయించింది.

ఆ సాయంత్రం భార్య బల్ల సర్దుతూ అంది, "మీ మాట నిలబెట్టుకోవడాలన్నీ వీధి వాళ్లకేనా? పని చేసేటప్పుడు వేసుకునే ఈ కోటుకి ఒక జేబు కుట్టమని కొత్త కాపురంలో అడిగాను. ఎప్పుడడిగినా రేపంటారు. ఊళ్లో అందరికీ జేబులు కుట్టారు, నేను మాత్రం సుద్దముక్క నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను."

మాస్టారు మంచి గుడ్డ వెతికి, మిషను ముందు కూర్చున్నాడు. దీపాల వేళకు జేబు తయారైంది. ఆమె చెయ్యి పెట్టి చూసుకుంది, తీసి మళ్లీ పెట్టింది.

"లోతుగానే ఉంది," అంది.