సుస్మిత చెప్పిన తొవ్వ

శామీర్‌పేట చెరువు మీది మంచు ఇంకా విడలేదు. కార్ల క్లబ్బువాళ్ళ రెండు రోజుల పోటీల్లో అది ఆదివారం. శనివారమంతా వేగం పోటీలు. వాటి సంగతి మనకొద్దు, చెవులు చిల్లులు పడ్డాయి, అంతే. ఆదివారం పోటీయే అసలుది. పేట్ బషీరాబాద్‌లో చూపులేని ఆడపిల్లల హాస్టల్ కోసం చందాలు పోగుచేసే పోటీ. ప్రతి కారులో డ్రైవరు పక్కన హాస్టల్ అమ్మాయి ఒకతె కూర్చుంటుంది. దారి రాసిన బ్రెయిలీ కాగితం ఆమె ఒళ్ళో ఉంటుంది. ఆమె వేళ్ళతో చదివి చెప్పాలి, డ్రైవరు ఆమె చెప్పినట్టు నడపాలి.

డిగ్రీ చదివే సుస్మితకు రాత్రి కంటిమీద కునుకు లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని నడిపించడమే. ఇవాళ తన మాట మీద ఒక కారు తిరగబోతోంది. కప్పు వచ్చినా రాకపోయినా ఆమెకు ఒకటే.

కప్పు కావలసింది ఆమె ఎక్కిన కారు నడిపే రఘునందన్‌కు. పోయిన రెండేళ్ళూ ఇదే దారిలో కప్పు ఆయనదే. లాల్‌గడి మలక్‌పేట్ చుట్టూ సగం ఇళ్ళ స్థలాల వెంచర్లు ఆయన చేతుల మీదుగా అమ్ముడుపోయినవే. అలాంటి మనిషి పక్కన దారి చెప్పేవాళ్ళు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి!

కిటికీ దించి ఉంది. తడి గడ్డి వాసన, తర్వాత ద్రాక్షతోట వాసన, ఎక్కడో పాల క్యాన్ల చప్పుడు, ఒకదాని వెనక ఒకటి కలలోలాగా వచ్చి పోతున్నాయి. సుస్మిత "కుడికి" అనేది, కారు తిరిగేది. ఆమె ప్రాణం గాల్లో తేలిపోతోంది. కాసేపటికి ఏదో తేడా కొట్టింది. తాను నోరు తెరవకముందే ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది.

అనుమానం తీర్చుకుందామని, కాగితంలో కుడి అని ఉన్నచోట "ఎడమకు" అంది.

కారు కుడికే తిరిగింది. "మంచిగ చెప్తున్నవ్ బిడ్డా," అన్నాడు రఘునందన్.

సుస్మిత మనసు చివుక్కుమంది. "కారాపుండ్రి అంకుల్."

ఆపాడు.

"నేనిప్పుడు ఎడమకన్న. మీరు ఇన్నరా?"

"తెల్సిన తొవ్వ గద బిడ్డా."

"అయితే నేనెందుకు? ఊకె ఫొటోలకా?" అంది సుస్మిత. "నన్ను అందరు తీస్కపోతరు అంకుల్. ఇయ్యాల నేను తీస్కపోదామని వచ్చిన."

పక్కనుంచి వేరే కార్లు దాటిపోయాయి.

"ఇగ నువ్వు చెప్పిందే," అన్నాడు రఘునందన్.

కోపానికో దుఃఖానికో, ఆమె వేళ్ళు ఒక వరస దాటేశాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. "ఎడమకు," అంది. కారు కాస్త తటపటాయించి ఎడమకు తిరిగింది. తారు పోయి కంకర వచ్చింది, కంకర పోయి గడ్డి వచ్చింది. గడ్డిపోచలు కారు అడుగున మెత్తగా రాసుకుంటుంటే పడవలో పోతున్నట్టుంది. చివరికి కారు ఆగింది.

"అంకుల్, ముంగట తొవ్వ ఉన్నదా?"

"లేదు. ఇది నా వెంచరే. గీడికే ఆఖరు."

"ముందుగాల్నే తెల్సా మీకు?"

"తెల్సు."

"మరి కప్పు?"

"పోయింది తియ్."

"తెల్సి గూడ ఎందుకొచ్చిన్రు?"

"నువ్వు చెప్పినవ్ గద బిడ్డా."

సుస్మిత నవ్వింది, ఏడ్చింది కూడా. తన మాట మీద ఒక మనిషి దారి తప్పడం ఆమె ఎరిగినంతలో ఇదే మొదలు. ముఖం తుడుచుకొని, తప్పిపోయిన వరస వేలితో వెతికి పట్టుకుంది.

"ఎనుకకు తిప్పుండ్రి," అంది.