తనిఖీకి వెళ్లిన మిషను

మా జిల్లా ఆసుపత్రిలో తనిఖీ అంటే పెళ్లివారి హడావిడే. భువనేశ్వర్ నుంచి పెద్దలు వస్తున్నారని తెలియగానే కొత్త భవనంలో ఎప్పుడూ మూసి ఉండే గది తాళం తీస్తారు. వార్డుల్లో పనిచేసే మిషన్లన్నీ ఏరుకొచ్చి అక్కడ పేరుస్తారు. పెద్దలు చూసి, ఫొటోలు దిగి, డాల్మా పప్పూ, ఖీరీ పాయసమూ తిని కారెక్కాక ఎవరి సామాను వాళ్లకి చేరుతుంది. సూపరింటెండెంటు పట్టజోషి సార్ అడిగితే కాదనే గుండె ఎవరికుంది?

ఆ రోజు పిల్లల వార్డులో మాకున్న ఒకే ఒక్క ఆక్సిజన్ మిషను కూడా పట్టుకుపోయారు. తనిఖీ ముగిసింది. స్టోరుకీపరు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని పెద్దల వెంట భోజనానికి వెళ్లాడు. అప్పుడే వార్డులో, రిక్షా తొక్కే కేలూ భొయి కూతురు టికికి ఊపిరి అందకుండా పోయింది. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ని నేను. ఎక్కడున్నానంటారా? భోజనాల దగ్గర, సెలవు తీసుకునే దొరలకి ఇవ్వడానికి పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాను. వార్డులో మిగిలింది కాంట్రాక్టు నర్సు ఇతిశ్రీ ఒక్కతే. ఆయాని తాళంచెవి కోసం పరుగెత్తించి, చేత్తో నొక్కే గాలి సంచితో పాపకి ఊపిరి అందిస్తూనే ఉంది. తాళంచెవి వచ్చేసరికి పాప పోయింది.

కేలూ ఇతిశ్రీ మీదే ఫిర్యాదు రాయించాడు. సార్‌కి ప్రాణం లేచొచ్చింది. విచారణ చేసేది కూడా ఆయనే, చూడండి మా చోద్యం. నన్ను పిలిచి, ఇతిశ్రీదే నిర్లక్ష్యమని సంతకం పెట్టమన్నాడు. పెన్షను దగ్గర పడింది, నీకెందుకమ్మా ఈ గొడవ అని బుజ్జగించాడు. నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. సంతకం పెట్టకుండానే బయటికొచ్చాను.

కేలూ గేటు దగ్గర తన రిక్షా బండి మీద కూర్చుని ఉన్నాడు. మిషను ఎక్కడికి పోయిందో, తాళంచెవి ఎవరి జేబులో ఉందో అంతా చెప్పాను.

"ఎవరి మీద రాయాలని అడిగారు దీదీ," అన్నాడు. "ఇంత ఆసుపత్రిలో నాకు తెలిసిన పేరు ఆమెదొక్కటే. పాప దగ్గర ఉన్నది ఆమే కదా."

విచారణ గదిలోకి ఇద్దరం కలిసే వెళ్లాం. ఇతిశ్రీ ఒక మూల నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. ఆమె పేరు కొట్టేయమన్నాడు కేలూ.

సార్ విసుక్కున్నాడు. "మరి ఎవరి పేరు రాయమంటావు?"

"అప్పుడు అక్కడ లేనివాళ్లవి బాబూ. నాకు తెలీవు. మీరే ఒక్కొక్కరూ చెప్పండి, రాయిస్తాను."

ముందు నా పేరు చెప్పాను. తర్వాత పట్టజోషి సార్ వైపు తిరిగాను.