పదిహేను కాలర్లు

హార్లో రగ్బీ క్లబ్ చరిత్ర రాయమని ఉజ్వలని ఎవరూ అడగలేదు. మొగుడే ఒప్పేసుకుని వచ్చాడు.

రెండువేల పది, మార్చి నెల. పెళ్లయి ఏడు నెలలు, మిషిగన్ వచ్చి అయిదు. డిష్‌వాషర్ తలుపు తీయగానే మొహానికి కొట్టే వెచ్చటి ఆవిరికి, మెయిల్‌బాక్స్ తాళంచెవి తనకంటూ ఒకటి ఉన్నందుకు, మెట్లమీద ఇంతమంది బూట్ల చప్పుళ్లలో అక్షయ్‌ది ఏదో తెలిసిపోతున్నందుకు ఆమెకింకా నవ్వొస్తూనే ఉంది. ఆ శనివారం కూడా చప్పుడు వినే తలుపు తీసింది. ప్రాక్టీసు నుంచి వచ్చి, మోకాళ్లదాకా బురదతో నిలబడి ఉన్నాడు.

"ఉజ్జీ, నీకో జాబ్ తెచ్చా."

"హెచ్-ఫోర్ వీసా మీద జాబేంటి?"

"శాలరీ లేదులే. పక్కా లీగల్."

వాళ్లుండే హార్లో చిన్న ఊరు. తెలుగువాళ్లెక్కువుండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి కారులో గంట. అక్షయ్ పనిచేసే కారు విడిభాగాల కంపెనీ, రెండు చర్చిలు, ఒక డైనర్, మూతపడిన పాత ఫ్యాక్టరీ, దాని వెనక ఒక పచ్చిక మైదానం. శనివారాలు ఆ మైదానంలో అటు పదిహేనుమంది, ఇటు పదిహేనుమంది కోడిగుడ్డులాంటి బంతి కోసం ఒకరిమీద ఒకరు పడి దొర్లుతారు. ఎం.ఎస్. చదివేటప్పుడు అంటుకున్న ఆట అక్షయ్‌కి ఇంకా వదల్లేదు. ఇప్పుడా మైదానాన్ని పిల్లల సాకర్ లీగ్‌కి ఇచ్చేద్దామని టౌన్ పార్క్స్ బోర్డు ఆలోచన. ఒక్క నిబంధనే అడ్డు. పాతికేళ్లపాటు ఒక్క ఏడాదీ మానకుండా ఆడినట్టు చూపిస్తే లీజు మళ్లీ పాతవాళ్లకే. అంటే 1985 నుంచి 2009 దాకా ఏడాదికేడాది తేల్చి చెప్పాలి. ఏప్రిల్ రెండో మంగళవారం మీటింగు. క్లబ్ కాగితాలన్నీ పెట్టిన బేస్‌మెంట్‌లోకి 2004లో నీళ్లొచ్చి ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

"మా ఆవిడ హిస్టరీ ఎం.ఏ., వారంలో రాసి పడేస్తుందని చెప్పా," అన్నాడు అక్షయ్.

"నేను చదివింది కొండవీటి రెడ్ల శాసనాలు."

"రాళ్లమీద చెరిగిపోయిందే చదివినదానివి, బతికున్నవాళ్లు చెప్పేది రాయలేవా?"

ఆ మాటకి ఉజ్వల పొంగిపోయింది. అక్కడే దొరికిపోయింది.

శాసనాలే నయమని మూడోరోజుకి తెలిసింది. రాయి అబద్ధం చెప్పినా ఒకే అబద్ధం చెబుతుంది. వీళ్లు ముగ్గురు కూర్చుంటే నాలుగు చెప్పేవాళ్లు. క్లబ్బు పెట్టినవాళ్లలో మిగిలిన పెద్దాయన గ్లెన్. అరవై నాలుగేళ్లు, చేటలాంటి చేతులు, పిండి చపాతీలా అణిగిపోయిన చెవులు. ఆయనా, ఆయన పాత జోడీ డెన్నీ డైనర్‌లో ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"తొంభై ఒకటిలో ఆడారా?" అని అడిగింది ఉజ్వల.

"ఆడకపోవడమేమిటి? వీడి భుజం విరిగిన ఏడాది," అన్నాడు గ్లెన్.

"అది రెండోసారి విరగడం. మొదటిసారి వర్షంలో," అన్నాడు డెన్నీ.

"మొత్తం ఎన్నిసార్లు విరిగింది?"

"నాలుగు. ఒకటి ఆటలో కాదు, నిచ్చెన మీంచి పడి."

"అయితే వర్షంలో విరిగింది ఏ సంవత్సరం?"

"స్కోరు చెప్పగలను," అన్నాడు డెన్నీ. "పంతొమ్మిది, పదిహేడు. మేమే గెలిచాం."

అందరూ ఇంతే. ఎవరు ఎవరిని ఎక్కడ పడేశారో, ఏ మోకాలు ఎప్పుడు తిరగబడిందో, ఆట అయ్యాక ఎవరు ఎన్ని హాట్‌డాగులు తిన్నారో అన్నీ గుర్తే. సంవత్సరం మాత్రం ఒక్కడికీ గుర్తులేదు. లైబ్రరీలో ఊరి పత్రిక పాత సంచికలు తిరగేసింది. హైస్కూలు ఫుట్‌బాల్ ఉంది, గుమ్మడికాయల పోటీ ఉంది, ఎవరింటి పిల్లి చెట్టెక్కిందో కూడా ఉంది. రగ్బీ లేదు. రెండు వారాలకి నోటుబుక్కు నిండింది, తేలినవి మాత్రం ఆరంటే ఆరు సంవత్సరాలు. ఆ కోపమంతా ఇంటికొచ్చి వంకాయలమీద తీర్చుకునేది. ఆ పక్షం రోజులూ అక్షయ్ తిన్న కూరలో ముక్క అన్నది కనబడలేదు.

మీటింగు ఇంకో పదిరోజులుందనగా మైదానం పక్కన చలికి చేతులు కోటు జేబుల్లో దోపుకుని గ్లెన్‌తో ఉన్నమాట చెప్పేసింది. "నావల్ల కావట్లేదు. పంతొమ్మిది ఏళ్లు ఖాళీగా ఉన్నాయి."

గ్లెన్ ఏమాత్రం కంగారు పడలేదు. "నువ్వు కథ రాయి చాలు, అమ్మాయ్. రుజువు నా గరాజ్‌లో ఉంది. కాలర్లు."

"కాలర్లేంటి?"

ఆయన తీరిగ్గా చెప్పాడు. క్లబ్బుకి ఉన్నది ఒకే జత జెర్సీలు. ఏ వారం ఎవడు బంతి ఎక్కువసార్లు జారవిడిస్తే వాడు సంచి ఇంటికి మోసుకెళ్లి ఉతికి తేవాలి. ఉతికిన చెయ్యి తన జెర్సీ కాలర్ లోపలివైపు పేరు, తేదీ వేయాలి. జెర్సీ చిరిగితే కొత్తది వస్తుంది కానీ కాలర్ పారేయరు, పాత కాలర్ విప్పి కొత్తదానికి కుడతారు. "ఎనభై నాలుగు నుంచి ప్రతి సీజనూ వాటిమీద ఉంది. బోర్డు వాళ్ల ముందు పదిహేనూ బల్లమీద పరుస్తాను. ఎలా ఉంటుంది?"

ఉజ్వల మైదానం అవతల ఉన్న మొగుడివైపు చూసింది.

నవంబరులో, ఆమె వచ్చిన మూడోవారం, ఆ సంచి వాళ్లింటికొచ్చింది. ఆ సీజన్‌కి అదే ఆఖరి ఆట. అక్షయ్ మూడుసార్లు బంతి జారవిడిచాడు, మూడోసారి ఆమె వైపు చెయ్యి ఊపుతూ. అతను ఆఫీసుకెళ్లాక సంచి విప్పింది. ఆకుపచ్చ జెర్సీలు, తెల్లగా ఉండాల్సిన కాలర్లు. లోపలంతా పసుపుపచ్చ మరకలు, చెమటకి అలుక్కుపోయిన ఇంకు గీతలు. ఎవరి చొక్కాకి ఇంకు కారిందో పాపం అనుకుంది. చొక్కా ఎంత తెల్లగా ఉన్నా కాలర్ మెరవకపోతే ఉతికినట్టే కాదని పెరిగిన పిల్ల. ఫార్మింగ్టన్ హిల్స్ సుమతి ఆంటీ కొత్తకాపురానికని కుక్కర్‌తో పాటు ఇచ్చిన ఉతుకు బ్రష్ చేతిలో ఉండనే ఉంది. బాత్‌టబ్‌లో వేడినీళ్లు నింపి, బ్లీచు పోసి, కాలర్లు మాత్రం మునిగేలా మధ్యాహ్నందాకా నానబెట్టింది. అప్పటికీ వదలని ఇంకుమీద స్వైన్ ఫ్లూ అని అక్షయ్ ఆఫీసులో పంచిన హ్యాండ్ శానిటైజర్ పోసి రుద్దింది. ఇంకు నీలంగా కరిగి జారిపోతుంటే ఎంత ముచ్చటేసిందో. డ్రయర్లోంచి వెచ్చగా తీసిన పదిహేను కాలర్లనీ మంచంమీద వరసగా పేర్చి, అక్షయ్ వచ్చేదాకా మడతపెట్టకుండా ఉంచింది, చూపించడానికి.

అతను చూశాడు కూడా. "సూపర్," అన్నాడు. సంచి గ్లెన్ గరాజ్‌కి చేరింది, చలికాలమంతా అక్కడే పడుంది.

"కాలర్ మీద పేర్లుంటాయని నాకెందుకు చెప్పలేదు?" తిరిగొచ్చేటప్పుడు కార్‌లో అడిగింది.

"నేను క్లబ్‌లో చేరి ఒక్క సీజనే. సంచి నాకు రావడం అదే ఫస్ట్ టైమ్. నాకూ తెలీదు."

"తెల్లగా ఉన్నాయని మెచ్చుకున్నావుగా. ఏమైందని అడగాల్సింది."

"మషీన్‌లో పడేస్తావనుకున్నా. రగ్బీ జెర్సీ బ్రష్‌తో ఎవరైనా రుద్దుతారా?"

"కాలర్ రుద్దకుండా ఎవరైనా ఉతుకుతారా?"

సిగ్నల్ పచ్చబడినా అక్షయ్ కదల్లేదు. వెనకాల కారువాడు హారన్ కొట్టాడు. "ఒక పని చేద్దాం," అన్నాడు. "మార్కర్ కొందాం. గరాజ్ కీ కోడ్ నాకు తెలుసు. నీ నోటుబుక్‌లో పేర్లున్నాయి. నాలుగు పెన్నులు మార్చి రాసేద్దాం. ఎవడు చూస్తాడు?"

ఉజ్వల ఆ మాట కొట్టిపారేయలేదు. ఇంటికెళ్లి పాత దిండుగలీబు మీద మార్కర్‌తో 'డెన్నీ, 1991' అని రాసి చూసింది. అక్షరాలు నల్లగా, బలంగా, నిన్నటివిలా ఉన్నాయి. కొండవీటి రాళ్లమీద తర్వాతివాళ్లెవరో చెక్కిన దొంగ అక్షరాలు చూసి క్లాసులో అందరూ నవ్వుకున్న రోజు గుర్తొచ్చింది. గలీబు చెత్తబుట్టలో పడేసి, "రేపు నేనే గ్లెన్‌కి చెప్తా," అంది.

"నేను కూడా రానా?"

"వద్దు. నువ్వొస్తే నామీద జాలిపడతారు. తిట్టించుకునే వస్తా."

మర్నాడు వెళ్లేసరికి గ్లెన్ ఇంట్లో లేడు. ఆయన భార్య డార్లీన్ తలుపు తీసింది. పొట్టిగా, తెల్లజుట్టు కత్తిరించుకుని, చేతికి పిండి అంటుకుని ఉంది. ఆయనొచ్చేదాకా దాచుకునే ఓపిక ఉజ్వలకి లేదు. గుమ్మంలోనే అంతా చెప్పేసింది. బ్రష్, బ్లీచు, శానిటైజర్, అన్నీ.

డార్లీన్ ఆమెని గరాజ్‌లోకి తీసుకెళ్లి సంచి విప్పింది. గ్లెన్ ఒకప్పుడు వేసుకున్న ఎనిమిదో నంబరు జెర్సీ కాలర్ తిరగేసి చాలాసేపు చూసింది. "ఇక్కడ నా పేరు ఇరవైసార్లు ఉండేది," అంది మెల్లగా. ఆ వెంటనే అడిగింది, "ఉతికిన చెయ్యి రాయాలని కదూ గ్లెన్ చెప్పాడు? మరి ఆ చేతులు ఎవరివనుకున్నావు? వాళ్లవా?"

డార్లీన్ కాలర్ మళ్లీ మడిచింది.

"పాతికేళ్లలో ఒక్క మగాడి పేరు పడలేదు ఈ కాలర్లమీద. సంచి మోసుకొచ్చి లాండ్రీ గదిలో పడేసి సోఫా ఎక్కడమే వాళ్ల పని. అన్నీ మా పేర్లే. రెండు వారాలుగా నువ్వు అడుగుతున్నది ఎవరిని?"

"మగవాళ్లని," అంది ఉజ్వల. తనమీద తనకే మండిపోయింది. ఎం.ఏ. చదివి కూడా ఈ ప్రశ్న తోచలేదు.

డార్లీన్ వంటగదిలో ఫోను దగ్గర కూర్చోబెట్టింది. ఒక్కో పేరు చెప్పింది, ఉజ్వల ఫోను కలిపింది. వాళ్లకి స్కోర్లు తెలీవు. సంవత్సరాలు మాత్రం అడక్కముందే చెప్పారు. పెగ్ అనే ఆమె కైల్ కడుపున ఉన్న ఏడోనెలలో వంగలేక జెర్సీలు కాలితో తొక్కి ఉతికింది, కైల్ పుట్టింది తొంభై ఏడు జనవరి, కనుక అది తొంభై ఆరు అక్టోబరు. ఇంకొకామెకి కొత్త వాషింగ్ మషీన్ వచ్చిన వారమే ఆ బురద దాని గొట్టం మూసేసింది, గ్యారంటీ కార్డు మీద తేదీ ఇప్పటికీ ఉంది. ఒకామె తల్లి చనిపోయిన వారం కూడా సంచి వచ్చింది. "ఆరోజు కూడా ఉతికాను, రాసుకో," అంది. ఉజ్వల రాసుకుంది.

మధ్యలో గ్లెన్ వచ్చాడు. డార్లీన్ సంగతి చెబితే కాలర్లు ఒక్కోటీ వేలితో తడిమాడు. "పాతికేళ్లలో ఇంత తెల్లగా ఎప్పుడూ లేవు," అన్నాడు. అది మెచ్చుకోలు కాదని ఉజ్వలకి తెలిసింది. ఆయన సంచి మూసి పెరట్లోకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

శుక్రవారానికి పాతికలో ఇరవై నాలుగు తేలాయి. 1999 ఒక్కటీ మిగిలింది. ఆ ఏడు సంచి ఎక్కువగా వెళ్లింది టామీ అనే ఆమె ఇంటికి. ఆమె మొగుణ్ణి వదిలేసి ఆరిజోనాలో ఉంటోంది. ఉజ్వల మర్యాదగా పరిచయం చేసుకుని, రగ్బీ జెర్సీల సంచి గురించి అని మొదలుపెట్టింది.

"ఆ సంచి మాట నా దగ్గర ఎత్తొద్దు," అంది టామీ. ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే తియ్యలేదు.

మంగళవారం సాయంత్రం టౌన్ హాల్లో గ్లెన్ బల్లమీద తెల్లటి కాలర్లేమీ పరవలేదు. ఏడుగురు ఆడవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. పెగ్ తన కైల్‌ని కూడా లాక్కొచ్చింది. ఆరడుగుల పిల్లాడు సిగ్గుతో చచ్చిపోతూ తన పుట్టినతేదీ చెప్పాడు. బోర్డు అధ్యక్షురాలు కళ్లద్దాలు ముక్కుమీదకి దించి ఉజ్వల కాగితం చూసింది.

"తొంభై తొమ్మిది ఖాళీగా ఉంది."

ఉజ్వల లేచి నిలబడింది. "దానికి రుజువు ఉండేదండి. నేను ఉతికేశాను." ఎలా ఉతికిందో, ఎందుకు ఉతికిందో చెప్పింది. "ఆ ఏడు ఉతికినామె ఎవరో తెలుసు. ఆ సంచి పేరెత్తగానే ఫోను పెట్టేసింది. వాళ్లు ఆడకపోతే ఆమెకి అంత కోపం ఉండదని నా అభిప్రాయం."

వెనకవరసలో నవ్వులు లేచాయి. అధ్యక్షురాలు నవ్వలేదు. కోపం రికార్డులోకి రాదని చెప్పి, పక్కవాళ్లతో గుసగుసలాడి, పాతికేళ్ల లెక్క పూర్తి కాలేదు కనుక పూర్తి లీజు కుదరదంది. రెండేళ్లకి మాత్రం ఇస్తారట. శనివారం ఉదయాలు సాకర్ పిల్లలవి, మధ్యాహ్నాలు రగ్బీవి. రెండేళ్ల తర్వాత మళ్లీ రావాలి, రికార్డులతో.

"ఒక్క ఏడాది," అన్నాడు అక్షయ్ కార్‌లో. "ఇరవై నాలుగు తెచ్చి, ఒక్కదాని దగ్గర ఆగిపోయాం."

"నేను ఆపేశాను," అంది ఉజ్వల. అతను కాదనలేదు. చెయ్యి మాత్రం గేర్ మీంచి తీసి ఆమె చేతిమీద పెట్టాడు. ఆ క్షణంలో అది కూడా చిరాగ్గానే ఉంది, అయినా ఆమె తన చెయ్యి లాక్కోలేదు.

ఆ శనివారం వసంతంలో మొదటి ఆట. అక్షయ్ నాలుగుసార్లు బంతి జారవిడిచాడు. గ్లెన్ సంచి తెచ్చి అతని కాళ్లదగ్గర పడేసి, జేబులోంచి మార్కర్ తీసి ఉజ్వలకి ఇవ్వబోయాడు. కాలర్లు తడిమిన రోజు తర్వాత ఆయన ఆమె మొహం చూడటం అదే మొదలు. ఉజ్వల మార్కర్ తీసుకోలేదు. మొగుడివైపు చూపించింది.

మర్నాడు అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో అక్షయ్ పదిహేను జెర్సీలూ మషీన్‌లో కుక్కాడు, సబ్బు ఎంత పొయ్యాలని అడిగాడు, ఎక్కువ పోశాడు, నురగ తుడిచాడు. ఉజ్వల ఎదురుగా డ్రయర్ మీదెక్కి కూర్చుని, కింద వెచ్చగా ఉంటే కాళ్లూపుతూ బత్తాయి ఒలుచుకు తింది. బ్రష్ ఇంట్లోనే దాచేసి వచ్చింది. ఆరాక అతను తన జెర్సీ కాలర్ తిరగేసి, మార్కర్ మూత పళ్లతో లాగి 'అక్షయ్' అని రాశాడు. పక్కన ఏప్రిల్ పద్దెనిమిది అని వేసి మూత పెట్టబోయాడు.

"సంవత్సరం," అంది ఉజ్వల.

"పది అని వెయ్యనా?"

"నాలుగంకెలూ వెయ్యి."