పది గంటలకు ఆగే బిల్డు

రైతులకు త్రీఫేజు కరెంటు వేళలు చెప్పే యాప్ మాది. దాని కొత్త వెర్షన్‌కు రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు మూడు మెషీన్లలో ఆటోమేటిక్‌గా బిల్డు, అంటే కోడును యాప్‌గా కట్టే పని, మొదలవుతుంది. విండోస్‌లో పాస్, లినక్స్‌లో పాస్. మ్యాక్‌లో మాత్రం మూడు రోజులుగా పది గంటలకు సగంలో ఆగిపోతోంది. ప్రొద్దుటూరులో కూర్చుని నా కోడంతా తిరగరాశాను. లాభం లేదు.

ఆ మ్యాక్ తొండూరు దగ్గర, నాతో పనిచేసే హర్ష వాళ్ల తోట ఇంట్లో ఉంది. ఫోన్ చేస్తే, "ఈడేం మార్చలేదు యాస్మినక్కా" అన్నాడు. ఒళ్లు మండి నాలుగో రోజు పొద్దున్నే బస్సెక్కాను.

తోట ఇంట్లో మ్యాక్ ముందు కూర్చుని చూస్తుంటే, పది కాగానే బయట బోరు మోటరు దానంతటదే ఆన్ అయింది. వోల్టేజి పడిపోయి ఫ్యాను నెమ్మదించింది. మ్యాక్ ఆరిపోయి మళ్లీ వెలిగింది.

"దీని యూపీఎస్ యాడ?" అని హర్షను అడిగాను.

"నాలుగు దినాల కిందట అమ్మ టీవీకి పెట్టుకునింది."

చీనీచెట్లకు నీళ్లు కట్టడానికి పోతున్న వాళ్ల నాయన నారాయణ గడపలో ఆగాడు.

"మోటరు ఆన్ అయ్యే టయానికి మేము మిక్సీ గూడా వెయ్యం పాపా. త్రీఫేజు ఎప్పుడొస్తాదో నీ యాప్‌లోనే చూసుకుంటాండాం గదా" అని ఫోను చూపించాడు.

తొండూరు, ఉదయం పది గంటలు. యాప్‌లో ఆ వేళ ఎక్కించింది నేనే.