మెయిర్‌బెక్ సమాజసేవ

మెయిర్‌బెక్‌కి మంచి మనసు లేదని మొట్టమొదట కనిపెట్టింది అల్మాటీలోని ఒక సలహాదారు. విదేశీ బిజినెస్ స్కూళ్ళకి పంపే దరఖాస్తులు దిద్దిపెట్టడం ఆవిడ వృత్తి. మార్కులు బాగున్నాయి, బ్యాంకు ఉద్యోగం బాగుంది, సూటు కూడా బాగుంది, కానీ ఇలాంటివాళ్ళు బోలెడుమంది ఉంటారు, నలుగురిని కూడగట్టి ఎవరికైనా ఏమైనా చేశావా అని అడిగింది. మెయిర్‌బెక్ చాలాసేపు ఆలోచించాడు. ఒక్కటీ తట్టలేదు. అయితే చలికాలం రాకముందే ఏదో ఒకటి చేసెయ్, దరఖాస్తుకి బలం వస్తుంది అంది ఆవిడ.

అలా అతనికి పిన్ని గుర్తొచ్చింది.

కుల్యాష్ అతని చిన్నాన్న భార్య. భర్త పోయాక తల్గార్ దగ్గరి ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. ఆమె ఇంటి కప్పు కొన్నేళ్ళుగా కారుతోంది. ఆ కప్పు కిందే, చినుకులు పడే బకెట్టు పక్కనే కూర్చుని మెయిర్‌బెక్ ఎన్నోసార్లు సుష్టుగా మాంసం తిని వెళ్ళాడు. ఒక్కసారీ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం కారు దిగీ దిగకముందే కప్పు వంక చూసి, అయ్యో పిన్నీ, ఎన్ని అవస్థలు పడుతున్నావు అన్నాడు. ఊరికే అయ్యో అనే రకం కాదు వీడు, ఏదో పని పడి ఉంటుంది అనుకుంది కుల్యాష్.

కొత్త ఇనపరేకులు ఆమె ఎండాకాలంలోనే కొని గోడకి ఆనించి పెట్టుకుంది. కావలసినవి చేతులే. అందుకు ఆ ఊళ్ళో అసార్ పిలుస్తారు. ఇంటిమనిషి స్వయంగా గడపగడపకీ వెళ్ళి, ఫలానా రోజు మా కప్పు వేస్తున్నాం, రండి అని నోరారా చెప్పాలి. వచ్చినవాళ్ళకి కూలి ఉండదు, కడుపునిండా తిండి ఉంటుంది. పని పూర్తయ్యేదాకా ఎవరూ కదలరు. పూర్తయ్యాక ఇది నేను చేశానని ఎవరూ చెప్పుకోరు.

ఇరుగుపొరుగుని ఇబ్బంది పెట్టొద్దు, నా కింద పనిచేసేవాళ్ళని తీసుకొస్తానన్నాడు మెయిర్‌బెక్. అందరినీ ఒకడే నడిపించినట్టు కనిపించాలట. పక్కింటి ఓరిన్‌బాయ్‌ని పిలవకుండా కప్పు విప్పడం తప్పని కుల్యాష్‌కి తెలుసు. కానీ మంచు ముంచుకొస్తోంది. తెలిసి తెలిసి ఊరుకుంది. ఉన్న ఒక్క గొర్రెనీ కోయించి, కార్జం, మాంసం కలిపి కుయిర్దాక్ వండింది.

శనివారం రెండు కార్లనిండా బ్యాంకువాళ్ళు దిగారు. అందరికీ తెల్ల చొక్కాలు, వాటిమీద మెయిర్‌బెక్ పేరు. చేతులకి తొడుగులు. కంచెకి ఒక బ్యానరు కట్టారు, దానిమీదా అతని పేరే. ఫొటోగ్రాఫర్ ముందే వచ్చి వెలుతురు చూసుకున్నాడు. మెయిర్‌బెక్ నిచ్చెన మధ్యమెట్టు మీద నిలబడి, చెయ్యి చాచి, ఎటో చూపించాడు. అటువైపు ఓరిన్‌బాయ్ దొడ్డి తప్ప ఏమీ లేదు. ఓరిన్‌బాయ్ కంచెకి మోచేతులు ఆనించి అంతా చూశాడు.

పాత రేకులు విప్పడం వాళ్ళకి భలే సరదా అయింది. ఫొటోలకి దుమ్ము బాగా లేస్తుంది కూడా. మధ్యాహ్నానికి కప్పు మొత్తం ఊడింది. కుయిర్దాక్ వాసనకి ఇద్దరు ముక్కు మూసుకున్నారు, మిగతావాళ్ళు డబ్బాల్లో తెచ్చుకున్న ఆకులేవో నమిలారు. కావలసినన్ని ఫొటోలు వచ్చాయని ఫొటోగ్రాఫర్ చెప్పగానే చొక్కాలు దులుపుకున్నారు. కొత్త రేకులు వచ్చే శనివారం వేద్దాం పిన్నీ అని మెయిర్‌బెక్ ఆమె భుజం తట్టి కారెక్కాడు.

ఆ శనివారం అతను రాలేదు. దరఖాస్తు పంపేశాను, ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోనీ అన్నాడు ఫోన్లో. కుల్యాష్ ప్లాస్టిక్ పట్టా కింద, తడిసిన పరుపు పక్కకి లాగి, వంటగదిలో పడుకుంది. కొండలు అప్పటికే మంచుతో తెల్లబడ్డాయి. ఇక సిగ్గు చంపుకుని ఓరిన్‌బాయ్ గడపలో నిలబడింది.

"నీకు బ్యాంకే ఉందిగా వదినా, మేమెందుకు?" అన్నాడు అతను.

"తప్పయింది. వండిపెట్టడానికి గొర్రె కూడా లేదు. టీ, రొట్టె, అంతే."

ఓరిన్‌బాయ్ గొణుక్కుంటూనే లేచి సుత్తి వెతుక్కున్నాడు. మరునాడు తమ్ముళ్ళని, ఎదురింటి వెల్డరు సెయిల్‌ఖాన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. రెండు రోజులు ఎదురుగాలిలో రేకులు పట్టుకుని మేకులు కొట్టారు. చివరి మేకు దిగిన రాత్రే ఊళ్ళోనూ మంచు పడింది.

మంచు కరగకముందే మెయిర్‌బెక్ మళ్ళీ దిగాడు, ఫొటోగ్రాఫర్‌తో సహా. స్కూలువాళ్ళు అతన్ని తర్వాతి దశకి ఎంచుకున్నారట, చిన్న వీడియో పంపమన్నారట. నిగనిగలాడే కప్పు చూసి మురిసిపోయాడు. ఎవరు వేశారని మాటవరసకైనా అడగలేదు. పొరుగువాళ్ళని కూడా పిలు పిన్నీ, అందరూ కూర్చుంటే నిండుగా ఉంటుంది, నువ్వు పెద్దదానివి, చేతులు చాచి పట్టి నాకో దీవెన ఇవ్వు అన్నాడు.

పిలిస్తే వచ్చారు. బల్ల చుట్టూ కూర్చున్నారు. కుల్యాష్ అరచేతులు ముఖంవైపు తెరిచి పట్టింది, అందరూ పట్టారు. మెయిర్‌బెక్ నగరంలో రష్యన్ మాట్లాడుతూ పెరిగినవాడు, పిన్నితో మాట్లాడేదీ అదే, సొంత భాష అతనికి పెళ్ళిళ్ళలో వినపడే రణగొణ ధ్వని. ఆమె ఆ సొంత భాషలోనే ఓరిన్‌బాయ్‌నీ, అతని తమ్ముళ్ళనీ, సెయిల్‌ఖాన్‌నీ పేరుపేరునా చల్లగా ఉండమని దీవించింది. మెయిర్‌బెక్ కళ్ళు అరమూసి, భక్తిగా ఆమీన్ అని, అందరిలాగే అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"అద్భుతంగా వచ్చింది పిన్నీ. ఇంతకీ ఏమన్నావు? కింద ఇంగ్లీషులో వెయ్యాలి."

"కప్పు వేసినవాళ్ళని చల్లగా ఉండమన్నాను. నీ పేరు ఎత్తలేదు."

మెయిర్‌బెక్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పర్లేదులే. వాళ్ళకి మన భాష రాదుగా. నేనే కప్పు వేయించానన్నావని రాసుకుంటా."

ఓరిన్‌బాయ్ తల దించుకుని టీ గిన్నె తిప్పుతున్నాడు. గాలికి పగిలిన అతని వేళ్ళు ఇంకా మానలేదు. రేపటినుంచీ ఈ మనుషుల మొహం ఎలా చూడాలి అనుకుంది కుల్యాష్. ఆమెకి కోపం కన్నా అసహ్యం ఎక్కువ వేసింది. ఇంత చదువుకున్న వెధవకి మొహమాటమన్నా లేదు.

"రాసుకోవడం దేనికి? మళ్ళీ తియ్యి. ఈసారి నీ ఒక్కడికే ఇస్తా," అంది.

కెమెరా వెలిగింది. కుల్యాష్ చేతులెత్తి, అరచేతుల్ని బయటికి తిప్పి పట్టింది. శపించడానికి పెద్దలు పట్టే తీరది. చిన్నప్పుడు అందరూ వినేదే కానీ, ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ కళ్ళారా చూసింది కాదు. సెయిల్‌ఖాన్ గిన్నె వదిలేసి లేచాడు. తమ్ముళ్ళు గుమ్మం వైపు జరిగారు.

మెయిర్‌బెక్ ఒక్క గెంతులో వచ్చి ఆమె మణికట్లు పట్టుకున్నాడు.

"వద్దు పిన్నీ. నీ కాళ్ళు పట్టుకుంటా. అంతా చెరిపేయిస్తా, మొదటిది కూడా." ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి చెరిపెయ్, చెరిపెయ్ అని అరిచాడు.

కుల్యాష్ చేతులు విడిపించుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నీకూ మన భాష రాదుగా," అంది. "ఇది మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైందే."